బందెలదొడ్డిలో నా సైకిలు

అటవీ రేంజ్ అధికారి గారికి,
బోడకోట అభయారణ్యం.

అర్జీదారు: మేకల కృపారాణి, విశ్రాంత లెక్కల టీచరు, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా.

అయ్యా,

విషయం: ఆవులతో పాటు బందెలదొడ్డికి తోలిన నా సైకిలును, ఆవులు లేకుండా నాకు ఇప్పించుట గురించి.

తమ సముఖమునకు మనవి చేసుకొనునది ఏమనగా,

1. నేను సైకిలు తొక్కుతాను. ఈ మాట చదివి తమ కార్యాలయంలో ఎవరికైనా నవ్వు వస్తే ఇక్కడే నవ్వి ముగించుకొని రెండో అంశానికి రావలసిందిగా కోరుతున్నాను. మిగతా అర్జీకి వారి పూర్తి శ్రద్ధ అవసరం.

2. పదవీ విరమణ తరువాత నా మోకాళ్ళు అరిగినవి. డాక్టరు గారు పరుగు మానమన్నారు, మెట్లు తగ్గించమన్నారు, సైకిలు తొక్కమన్నారు. శేరిగూడలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మనుమరాలు మౌనిక తన పాత రేసు సైకిలును నాకు ఇచ్చి, గేర్లు మార్చడం నేర్పింది. సన్నని టైర్లు, పొట్టేలు కొమ్ముల్లాగ కిందికి వంగిన హ్యాండిలు. ప్రతి ఆదివారం మేమిద్దరం తమ గేటు దగ్గర టికెట్లు తీసుకొని, కోటగుట్ట చుట్టూ తిరిగే తారు రోడ్డు మీద తొక్కుతాము. మోటారు వాహనాలకు నిషేధమనీ సైకిళ్ళకు అనుమతి ఉందనీ తమ బోర్డు మీదనే ఉన్నది. టికెట్లు నా వద్ద భద్రంగా ఉన్నవి, అడిగితే చూపగలను.

3. పోయిన ఆదివారం కోట మెట్ల దగ్గర ఆగినాము. మౌనిక తన సైకిలును భుజాన వేసుకొని పైకి పోయింది. నాది నేను మోయలేను. ఈ రకం సైకిళ్ళకు స్టాండు ఉండదు, పెడితే బరువట. నిలబడలేని వస్తువును అంత ధర పెట్టి అమ్మడం ఏం న్యాయమో నాకు తెలియదు గాని, అది తమ శాఖ పరిధిలోకి రాదు. అందువలన దానిని ఒక సీతాఫలం చెట్టుకు ఆనించి మెల్లగా మెట్లెక్కినాను. మెట్లు తగ్గించమన్నారు గాని మానమనలేదు. ఆ చెట్టు నీడన మూడు ఆవులు పడుకొని నెమరు వేస్తున్నవి. అభయారణ్యంలో జంతువులు ఉండడం సహజమేనని నేను పట్టించుకోలేదు.

దిగి వచ్చేసరికి ఆవులూ లేవు, సైకిలూ లేదు.

4. తిరుగు దారిలో, తమ వద్ద కొత్తగా చేరిన వాచర్ అంజిలయ్య ఎదురైనాడు. నేను అతనికి తెలియను. మా మధ్య జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్లు పొందుపరుస్తున్నాను.

"ఏందవ్వా, గా పిల్ల సైకిల్ మీద, నువ్వు నడ్సుకుంటనా?"

"నా సైకిల్ పోయింది నాయనా."

"అయ్యో! గా పసులకాపరోడే కొట్టేసిండొచ్చు. ఇప్పుడే వాని ఆవులను బందెలదొడ్డికి తోలిచ్చి వస్తున్న. వాని సైకిల్ గూడ అండ్లనే ఏసిన. వాడు మాత్రం దొర్కకుంట ఉరికిండు."

"వాని సైకిల్ ఎట్లుంది?"

"ఏడనో గట్టిగ గుద్దినట్టున్నడు. హ్యాండిల్ మొత్తం కిందికి వంగిపోయింది."

అది నా సైకిలే అంటే, దొడ్డిలో పడ్డ వస్తువును ఆఫీసులోనే అడగాలన్నాడు. అంజిలయ్య మీద నాకు కోపం లేదు. దొంగచాటుగా పశువులను మేపేవారు వాచరును చూడగానే సైకిలు వదిలి పారిపోతారనీ, సైకిలును కూడా పశువులతో పాటు దొడ్డిలో పెడితే మనిషి తానే వస్తాడనీ అతడు చెప్పినాడు. అది ఇక్కడి పద్ధతే. నా సైకిలుకు ఒక కట్టె, గొంగడి, రొట్టెల మూట కట్టి ఉండెను. పక్కన ఆవులు. దత్తాంశం చూసి అతడు లెక్క సరిగానే చేసినాడు, దత్తాంశమే తప్పు. కట్టె కోతుల కోసం. గొంగడి అని అతడు రిపోర్టులో రాసినది నా ఊలు శాలువ. జొన్నరొట్టెలు మాత్రం జొన్నరొట్టెలే.

"ఉరికినోణ్ణి నువ్వు కండ్లతోని చూసినవా?" అని అడిగినాను.

"చూడలే. గని ఎప్పటికి ఉరుకుతరు గదా అవ్వా."

నేను పరుగెత్తలేనని డాక్టరు గారి చీటీని ఈ అర్జీకి జతపరుస్తున్నాను.

5. మరునాడు తమ కార్యాలయానికి వచ్చినాను. తమరు క్యాంపులో ఉన్నారని గుమాస్తా దివాకర్ మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పని మాత్రం చేయలేదు.

"రిపోర్టు పైకి పోయింది మేడం. ఆవులు, సైకిల్ ఒకటే కేసు. తీస్కపోతే రెండూ తీస్కపోవాలె."

"ఆవులు నావి కావు."

"సైకిల్ మీదేనా?"

"నాదే."

"అయితే ఆవులు గూడ మీయే. రిపోర్టుల గట్లనే ఉంది."

తరువాత అతడు గొంతు తగ్గించి, నా మేలు కోరి, "ఒక్క సంతకం పెట్టుండ్రి మేడం, అయిపోతది. అండ్ల ఒకటి పాలిస్తది గూడ," అన్నాడు.

ఆ కాగితం చదివినాను. చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. అందులో పశువుల యజమానినైన నేను, ఇకమీదట బోడకోట అడవిలో అడుగు పెట్టబోనని పూచీ ఇస్తున్నట్లు ఉన్నది. సంతకం పెడితే సైకిలు వస్తుంది, దారి పోతుంది. దారి లేని సైకిలును నేనేమి చేసుకోవలెను? కాగితం తిరిగి ఇచ్చి వచ్చినాను. నా అర్జీలోని అసలు బాధ ఇదే గనుక తమరు ఈ అంశాన్ని రెండుసార్లు చదవవలెను.

6. ఆవుల యజమాని ఎవరో తమ శాఖకు తెలియకపోవచ్చును. నేను బందెలదొడ్డికి పోయి చూస్తే, మా ఊరి హన్మంత్ అక్కడ గడ్డిమోపు దించుతున్నాడు. ఏడో తరగతిలో నా దగ్గర చదువుకున్నవాడే.

"నీ ఆవులేనా హన్మంతూ?"

"నాయి గావు టీచరమ్మా! నోరులేని జీవాలు, పాపమని రెండు పోసలేస్తున్న."

"మంచిపని. ఆ ఎర్రది ముట్టుకుంటనే లేదేంది?"

"గది పొద్దుగాల ఉత్తగడ్డి తినదు. తౌడు కలిపితెనే మూతి పెడ్తది. దూడప్పటిసంది గంతే."

అన్నాక తానే ఉలిక్కిపడి, గడ్డి దులుపుకొని లేచినాడు. పోతూ పోతూ, "అయితే టీచరమ్మా, మీరు సంతకం పెడ్తున్నరట గదా?" అని ఎంతో ఆశగా అడిగినాడు. చూచి రాయడం అతనికి చిన్నప్పుడు కూడా చేతనయ్యేది కాదు, నేను తలెత్తకముందే చెమటలు పట్టేవి. అతనిని శిక్షించమని నేను కోరడం లేదు. అతడు కేసుకు జడుస్తున్నాడు. ఒకసారి పిలిచి, భయపెట్టకుండా అడిగితే ఒప్పుకుంటాడు. నేను పక్కన కూర్చుంటే ఇంకా తొందరగా ఒప్పుకుంటాడు.

7. ఈలోగా దొడ్డిలోకి కొత్తగా వచ్చిన మేకలు నా హ్యాండిలుకు చుట్టిన పట్టీని సగం తిన్నవి. మిగతా సగం మీద వాటి దృష్టి ఉన్నది. తొందర ఉన్నదని చెప్పుటకే ఇది రాసినాను, నష్టపరిహారం కోసం కాదు.

కావున తమరు దయతో బందెలదొడ్డికి స్వయంగా విచ్చేసి, ఆవులను, సైకిలును అందరి ఎదుట బయటికి తీయించవలెను. హన్మంత్‌ను ఒకవైపు, నన్ను ఒకవైపు నిలబెట్టండి. ఆవులు ఎవరి వెంట నడుస్తాయో చూడండి. సైకిలు తనంతట నడవదు గనుక దానిని నేను తొక్కి చూపిస్తాను. అంజిలయ్య తొక్కి చూపినా నాకు అభ్యంతరం లేదు, పడితే బాధ్యత నాది కాదు. ఆ మీదట నా పేరును పశువుల కేసు నుంచి తొలగించి, ఎటువంటి పూచీకత్తు లేకుండా నన్ను ఎప్పటిలాగే కోట దారిలో పోనివ్వవలెను.

ఇదంతా తమరు చిత్తగించి, వచ్చే ఆదివారంలోగా ఉత్తర్వు దయచేయగలరని నమ్ముతూ,

తమ విధేయురాలు,
మేకల కృపారాణి

తా.క. అర్జీ మడిచేముందు మౌనిక చదివింది.

"అమ్మమ్మా, అన్నీ రాసినవ్. అసలుది రాయలే."

"ఇంకేముంది రాయనీకి?"

"మోకాళ్ళ కోసమైతే చెరువుకట్ట మీద తొక్కితే సాలదా? గా అడవే ఎందుకో సార్‌కు జెప్పు."

దానికి మాటలు ఎక్కువ. అయినా అడిగిన ప్రశ్న సరైనది కనుక జవాబు రాస్తున్నాను.

కోట వెనుక వైపు రోడ్డు దిగుడుగా ఉంటుంది. రెండు పక్కల చెట్లు పైన కలుసుకొని ఉంటవి. అక్కడ ఎవరూ ఎదురు రారు, టీచరమ్మా అని నమస్తే పెట్టేవారు ఉండరు. ఉద్యోగం చేసినన్నాళ్ళు వరండాలో ఉరికిన పిల్లలను ఆపడమే నా పని. ఆ దిగుడులో నేను బ్రేకు పట్టుకోను. ముందు పోతున్న మౌనిక వెనక్కి చూసి, "బ్రేక్ అమ్మమ్మా, బ్రేక్!" అని మొత్తుకుంటుంది. నాకు వినబడుతుంది. విననట్టే ఉంటాను. పోయిన నెల అక్కడ నేను గట్టిగా ఒక కేక కూడా వేసినాను. ఎందుకు వేసినానో తెలియదు. చెట్ల వెనుక నుంచి నెమళ్ళు బదులు పలికినవి, మళ్ళీ వేసినాను.

అడవిలో కేకలు వేయరాదని తమ బోర్డు మీద ఉన్నది. అది నేను ఒప్పుకుంటున్నాను. తమరు నా మీద ఆ కేసు రాయించండి, దివాకర్ ఎక్కడ చూపితే అక్కడ సంతకం పెడతాను. మళ్ళీ వేయనని మాత్రం రాసి ఇవ్వలేను.