ఈ ఏటి మాట: చెయ్యెత్తుకాడ

గుండుకిందపల్లి,
2025 సెప్టెంబరు 8

హైదరాబాదులో ఉండే జనవాడుక నిఘంటువు ఆఫీసు పెద్దలకు మారప్ప నమస్కారం చేసి రాసుకునేది.

ఇక్కడ మేము క్షేమం. మామిడి అయిపోయింది. రాగి పైరు బాగుంది. ముళబాగిల్లో బోండాలు చుట్టిచ్చిన తెలుగు పేపర్లో మీ ప్రకటన చూశాను. ఈ ఏడాది జనం బతుకు ఎట్లుందో చెప్పే మాట ఒకటి ఎన్నుకుని, అది వాడే ఊరి పేరుతో సహా అచ్చు వేస్తామన్నారు. మాది బార్డరుకు ఇవతల కర్ణాటక, బడిలో నేను చదివింది కన్నడం. తెలుగు రాత మా నాయన నేర్పింది. తప్పులుంటే మన్నించాలి.

మా మాట 'చెయ్యెత్తుకాడ'. రాయల్పాడు దాటినాక మా ఊరు రోడ్డుకు అర కిలోమీటరు లోపల ఉంది. బస్‌స్టాపు లేదు. రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఎత్తుతాము. డ్రైవరుకు మనసైతే ఆపుతాడు. ఆ చోటునే చెయ్యెత్తుకాడ అంటాము. మా నయన ముళబాగిల్లో రెండో పీయూసీ, అంటే మీ ఇంటరు రెండో ఏడు చదువుతోంది. వారానికి రెండు రోజులు బస్సు ఆగదు. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకుంటే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇప్పుడు అరవై ఆరు ఉంది. స్టాపు కావాలని తాలూకా ఆఫీసుకు పోతే, "మీ ఊరు మా పట్టీలో లేదప్పా. ఊరి పేరుండే అచ్చు కాగితం యాడన్నా ఉంటే ఎత్తుకోని రా" అన్నారు.

కాబట్టి మా మాటనే ఎన్నుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు, నలభైమూడు ఇళ్ల తరఫున,
మారప్ప

మరిచాను: మాటను చిన్న అక్షరాల్లో వేసినా పరవాలేదు. ఊరి పేరు పెద్దగా వేయండి.

హైదరాబాదు,
సెప్టెంబరు 19

గౌరవనీయులు మారప్పగారికి, సహాయ సంపాదకురాలు సవిత నమస్కారాలు.

మాకు వచ్చిన పదకొండు వందల మాటల్లో చాలావరకు ఫోనులో పుట్టినవే. మీది రోడ్డు మీద పుట్టింది. 'డ్రైవరుకు మనసైతే ఆపుతాడు' అన్న వాక్యాన్ని మా ప్రధాన సంపాదకులు రెండుసార్లు చదివించుకుని, తన డైరీలో రాసుకున్నారు. అర్థం తేలిగ్గా తెలియడానికి నయన అనే పాత్రను కల్పించి, హాజరు లెక్క కూడా ఇవ్వడం మాకు నచ్చింది.

అయితే ఒక నియమం ఉంది. మాట ఈ ఏడాది నిజంగా వాడుకలో ఉందని ఆధారాలు కావాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ వాడారో కనీసం మూడు పంపగలరు.

భాషాభిమానంతో,
సవిత

తా.క.: అక్షరాల సైజు మా చేతిలో లేదు. మీ అభిమానం అర్థమైంది.

గుండుకిందపల్లి,
అక్టోబరు 3

సవితమ్మగారికి మారప్ప రాసేది.

నయన పాత్ర కాదు, నా కూతురు. మీ ఉత్తరం చదివి, తన కాలేజీ కార్డు తెచ్చి నా ముందర పెట్టింది.

ఆధారం అడిగారు. గట్టు తగాదా వచ్చినా, ఆవు చచ్చినా మా పక్క ఆధారమంటే మహజరే. అయిదుగురు ఆ చోటికి పోయి, నిలబడి, చూసింది రాసి సంతకాలు పెడతారు. ఊరి పెద్ద శ్రీరామప్ప ముందర రాయించి పంపుతున్నాను.

'చెయ్యెత్తుకాడ అనే మాటకు చెక్కుబంది: తూర్పున తారు రోడ్డు, పడమర హనుమక్క మామిడితోపు, ఉత్తరాన మోరీ, దక్షిణాన రాతిగుండు. ఈ నాలుగింటి నడుమ ఉండే మాట మా ఊరిది.'

హనుమక్క వాంగ్మూలం: "యాడ దిగినావంటే ఇంగేం జెప్తారప్పా? చెయ్యెత్తుకాడ దిగినాను అంటాము. దీన్ని గూడా రాసుకుంటారా? ఆ ఊర్లో ఆళ్లకు పన్లు లేవా?" వేలిముద్ర.

గంగప్ప వాంగ్మూలం: "నిన్న గూడా ఆ మాట వాడినాను. చెయ్యెత్తుకాడ గంటసేపు నిలబడినాను. బస్సు ఆగలేదు. తిట్టినాను. ఆ తిట్టు గూడా రాస్తావా?" సంతకం.

మిగతా ముగ్గురివీ ఇట్లే ఉన్నాయి.

ఇట్లు, నలభైమూడు ఇళ్ల తరఫున,
మారప్ప

మరిచాను: గంగప్ప తిట్టు వేరే కవరులో పెట్టాను. ఆడవాళ్లెవరూ తెరవకుండా చూడండి.

హైదరాబాదు,
అక్టోబరు 17

మారప్పగారికి సవిత నమస్కారాలు. నయనకు నా క్షమాపణ చెప్పండి.

నాలుగు హద్దులతో ఒక మాట రావడం మా ఆఫీసు చరిత్రలో ఇదే మొదలు. ఆఖరి మూడు మాటల్లో మీది నిలిచింది. మిగతావి 'రీల్సు', 'ఓటీపీ'. ఇంతలో ఒక చిక్కు వచ్చింది. ఏ పటంలో వెతికినా గుండుకిందపల్లి లేదు. ఊరినీ మాటనూ మీరే కల్పించి ఉంటారని కమిటీలో ఒకరు అనుమానించారు. అందుకని మీ తాలూకా ఆఫీసుకు ఇంగ్లీషులో రాశాను: 'పటంలో కనిపించని ఈ ఊళ్లో తెలుగు మాట్లాడుతున్నారు. మాకు దీనిపై ఆసక్తి ఉంది. ఇది ఎవరి పరిధిలోకి వస్తుందో వెంటనే తెలుపగలరు.'

డిసెంబరు ఆఖరుదాకా మాట వాడుక తగ్గకూడదు. ఆ బాధ్యత మీది.

భాషాభిమానంతో,
సవిత

తా.క.: గంగప్పగారి కవరు నేనే తెరిచాను. అందులో మూడు మాటలు మా నిఘంటువులో లేవు. చేర్చుకున్నాం.

గుండుకిందపల్లి,
నవంబరు 5

సవితమ్మగారికి మారప్ప రాసేది.

నాలుగేళ్లుగా నేను తాలూకా ఆఫీసుకు పోతున్నాను. ఆ ఆఫీసు మా ఊరికి రావడం ఇదే మొదటిసారి. మీ ఉత్తరం చేతిలో పట్టుకుని జీపులో ముగ్గురు దిగారు. పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

"హైదరాబాదోళ్లకు మీ ఊరి మీద ఆశ ఎందుకప్పా పుట్టింది? బార్డరు గలాటా ఏమన్నా ఉండాదా?"

"ఆళ్లు నిఘంటువోళ్లు సార్. పుస్తకంలో వేసేదానికి అడిగినారు."

"అట్లనే మొదులుపెడతారు. ఇప్పుడు పుస్తకంలో వేస్తారు. రేపు పటంలో వేస్తారు. ఆళ్లకంటే ముందు మనమే రాసుకోవల్ల. టేపు పట్టుకోప్పా నువ్వు!"

ఊరంతా కొలిచారు. ఇళ్లు లెక్కపెట్టారు. మీరు కర్ణాటక వాళ్లేనా అని హనుమక్కను అడిగారు. "బస్సెక్కనిస్తే యావ రాజ్యమన్నా సరే" అంది. దాన్ని రాసుకుని, మళ్లీ కొట్టేశారు.

పక్క ఊరు కానగపల్లి బచ్చప్ప పరుగెత్తుకుంటూ వచ్చి, "మా ఊరు గూడా పట్టీలో లేదు సామీ. మేము గూడా చెయ్యెత్తుకాడనే అంటాము" అన్నాడు. "నీ ఊరిని ఎవరన్నా అడిగినారా?" అన్నారు. లేదన్నాడు. "అయితే పో" అన్నారు.

వాడుక గురించి దిగులు పడవద్దు. బస్సెక్కని వాళ్ల చేత కూడా రోజూ అనిపిస్తున్నాను. బస్సు ఆగని రోజు నయనను దొరికిన పాలబండి ఎక్కించి పంపుతున్నాను, హాజరు డెబ్బై ఒకటి.

ఇట్లు, నలభైమూడు ఇళ్ల తరఫున (ఇప్పుడు సర్కారు లెక్కలో నలభై ఒకటే, రెండిళ్లకు తాళం వేసి ఉంది),
మారప్ప

మరిచాను: వచ్చేటప్పుడు ఆ జీపు కూడా మమ్మల్ని దాటిపోయింది. నేనే చెయ్యెత్తి ఆపాను.

హైదరాబాదు,
డిసెంబరు 1

మారప్పగారికి సవిత అభినందనలు!

'ఈ ఏటి మాట'గా చెయ్యెత్తుకాడ ఎన్నికైంది. దొరకనిదాని కోసం చెయ్యెత్తి నిలబడిన ఈ కాలానికి ఇంతకంటే సరైన మాట లేదని కమిటీ రాసింది. మీ ఊరి పేరు అచ్చులో వస్తుంది. 20వ తేదీన మా ఫోటోగ్రాఫరు సునీల్‌కుమార్ వస్తాడు. మీరంతా ఎప్పటిలాగే నిలబడి చెయ్యెత్తండి. బస్సు ఆగకుండా పోతే ఫోటో ఇంకా బాగుంటుంది.

భాషాభిమానంతో,
సవిత

తా.క.: నయన నవ్వకుండా ఉంటే మంచిది.

గుండుకిందపల్లి,
డిసెంబరు 14

సవితమ్మగారికి మారప్ప రాసేది.

మీరు చేసిన మేలు మరిచిపోము. కానీ ఈ మాట మాకు వద్దు.

జీపు వచ్చిపోయిన పదో రోజున ఊరి పేరును పట్టీలో ఎక్కించారు. రోడ్డు పక్కన మనిషెత్తు బోర్డు పాతారు. కన్నడంలో ఊరి పేరు, కింద జిల్లా పేరు, దాని కింద రాష్ట్రం పేరు రెండుసార్లు రాశారు. ఇప్పుడు అన్ని బస్సులూ ఆగుతున్నాయి. ఎవరూ లేకపోయినా ఆగి, చూసి పోతున్నాయి. నయన హాజరు డెబ్బై ఆరైంది. పరీక్ష ఫీజు కట్టించుకున్నారు.

యాడ దిగినావంటే ఇప్పుడందరూ 'స్టాపులో' అంటున్నారు. నేను ఎంత చెప్పినా వినడం లేదు. మీ ఫోటో కోసమని నిన్న పదిమందిని నిలబెట్టి చెయ్యెత్తించి చూశాను. డ్రైవరు దిగి వచ్చి, "స్టాపులో చెయ్యెందుకప్పా ఎత్తుతారు? నాకు కండ్లు లేవనుకున్నారా?" అని గలాటా చేశాడు. డిసెంబరు ఆఖరుదాకా వాడుకలో ఉండాలన్న మీ షరతును మేము నిలబెట్టుకోలేము.

అందువల్ల సదరు మాటను కానగపల్లి ఊరికి దానంగా రాసి ఇచ్చాము. మహజరు ఇందులోనే ఉంది. అక్కడ ఆ మాట పుష్కలంగా వాడుకలో ఉంది. బస్సు మా దగ్గర ఆగి, వాళ్ల దగ్గర వేగం పట్టుకుంటుంది. ఫోటో బాగా వస్తుంది.

ఇట్లు, బోర్డు ఉన్న ఊరి తరఫున,
మారప్ప

మరిచాను: బచ్చప్ప పక్కనే కూర్చుని ఉన్నాడు. అచ్చు వేయడం, ఫోటో తీయడం తీరిగ్గా చూసుకోవచ్చంటున్నాడు. వాళ్ల ఊరి మీద మీకు ఆసక్తి ఉందని ముందు తాలూకా ఆఫీసుకు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయాలట.