కీర్తిశేషురాలు గంగాభవాని గారి జవాబులు

థర్మల్ కాలనీ,
6-10-2025

కీర్తిశేషురాలు గంగాభవాని గారి కుటుంబసభ్యులకు,

నమస్కారం. నేను ఇక్కడి విద్యుత్ కేంద్రం ఉద్యోగుల తెలుగు కళాసమితి కార్యదర్శిని. నవంబరు 16 ఆదివారం సాయంత్రం మా మందిరంలో గంగాభవాని గారి సంస్మరణ సభ జరపాలని కమిటీ తీర్మానించింది. రాయచూరు జిల్లాలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడింటిలోనూ నవ్వించిన హాస్యనటి ఆవిడేనని పెద్దలు చెప్పారు. ఆవిడ జీవిత విశేషాలు పేజీకి మించకుండా రాసి పంపండి. శాలువా అందుకోవడానికి కుటుంబం నుంచి ఒకరు రావాలి. ఫోనులో చెబితే ఫైలులో ఉండదు కాబట్టి ఉత్తరమే రాయండి.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
బాపయ్య

తా.క. ఆవిడ పోయిన తేదీ రాయడం మరవకండి. ఆహ్వానపత్రంలో ఆ ఒక్కచోటే ఖాళీగా ఉంది.

రాయచూరు,
11-10-2025

బాపయ్య గారికి,

కుటుంబసభ్యులందరి తరఫున నమస్కారాలు. కుటుంబసభ్యులంటే నేనొక్కదాన్నే. పేరు గంగాభవాని, వయసు అరవై తొమ్మిది. ఈ నెలలో బజారుకు పోయాను, అంతకు మించి ఎక్కడికీ పోలేదు.

మీరు పాత నాటక కంపెనీ గోదాములో నా ఫోటో చూసి ఉంటారు. గంధపు దండ, పైన ఎర్ర బల్బు. అది నాటకం సామాను. మొదటి అంకంలో హీరో పోయిన భార్య ఫోటోతో మాట్లాడాలి. అందుకని వేరే మనిషిని వెతకడం ఎందుకని మా ఓనరు బసవలింగప్ప నాదే తగిలించాడు. పదకొండేళ్లు మొదటి అంకంలో గోడ మీద చచ్చిపోయి, అది అయిపోగానే పరదా బయటికొచ్చి నవ్వించాను. జవళగేరలో ఒక ముసలమ్మ నన్ను చూసి, "ఇప్పుడే గదనే నీకు దండేసిండ్రు, అప్పుడే లేసొచ్చినవా?" అన్నది.

జీవిత విశేషాలు అడిగారు. కంపెనీలో బట్టలు కుట్టడానికి చేరాను. కల్మల క్యాంపులో పరదా తాడు చిక్కుకుపోతే బసవలింగప్ప నన్ను ముందుకు తోసి, "ఏదన్న మాట్లాడు గంగా" అన్నాడు. సూది ఇంకా చేతిలోనే ఉంది. ఆ తాడును మూడు భాషల్లో తిట్టాను. జనం నవ్వారు. అప్పటినుంచి నలభై ఏళ్లు, వెనక సీను మార్చేంతసేపూ ముందు నేను. సీను సిద్ధం కాగానే లోపలినుంచి ఈల వేస్తారు. మాట ఎక్కడుంటే అక్కడ వదిలి లోపలికి పోవాలి. నాకు పెళ్లి విందు కథ ఒకటుంది. అత్త కన్నడం, కోడలు తెలుగు, మామ ఉర్దూ, ముగ్గురూ నేనే. నలభై ఏళ్లలో దాన్ని ఒక్కసారి కూడా చివరిదాకా చెప్పనివ్వలేదు. ఆ బాధ మీ పేజీలో రాయండి.

ఇప్పటికి బతికే ఉన్న,
గంగాభవాని

తా.క. ఆ ఖాళీ చోట పువ్వు బొమ్మ వేయించండి.

థర్మల్ కాలనీ,
16-10-2025

అమ్మా,

మీ ఉత్తరం కమిటీ ముందు పెట్టాను. ఇది గంగాభవాని గారే రాశారని కొందరు, ఆవిడ చెల్లెలు దుఃఖంలో రాశారని కొందరు అన్నారు. ఓటింగులో చెల్లెలు గెలిచింది. అక్కగారు లేరన్న సంగతి ఒప్పుకోవడానికి సమయం పడుతుందని మాకు తెలుసు. అయినా మా పెన్షనర్లు ఏటా నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇస్తారు. గెజిటెడ్ అధికారి సంతకంతో అలాంటిది పంపితే పరిశీలిస్తాం.

సానుభూతితో,
బాపయ్య

తా.క. మీ ఉత్తరం చదివి మా కోశాధికారి వెంకటేశ్ కుర్చీలోంచి పడేదాకా నవ్వాడు. అక్కగారి పోలిక మీకు బాగా వచ్చింది.

రాయచూరు,
22-10-2025

బాపయ్య గారికి,

లేని అక్క ఆశీస్సులు.

నాకు తెలిసిన గెజిటెడ్ అధికారి మా వీధిలోని పశువుల డాక్టరు శివరాజ్ ఒక్కడే. "అమ్మా, నేను ఇంతదాంక బర్రెలకే రాసిచ్చిన, మనిషికి గిదే మొదలు" అంటూ తన దగ్గరున్న ఫారం మీదే రాసిచ్చాడు. ఇందులో జతచేశాను. లేచి నిలబడుతుంది, నడుస్తుంది, మేత బాగా తింటుంది అని ఉంటుంది. అన్నీ నిజమే. కొమ్ముల వివరం అన్నచోట "లేవు" అని రాశాడు.

ఆరోగ్యంగా,
గంగాభవాని

తా.క. ఆ కొమ్ముల సంగతి మా కంపెనీవాళ్లను మాత్రం అడగకండి.

థర్మల్ కాలనీ,
28-10-2025

గౌరవనీయులైన గంగాభవాని గారికి,

మీరు ఉన్నారని కమిటీ ఏకగ్రీవంగా అంగీకరించింది. అభినందనలు.

చిక్కేమిటంటే, ఆహ్వానాలు పంచేశాం. సంస్మరణను సత్కారంగా మార్చాలంటే సర్వసభ్య సమావేశం తీర్మానం కావాలి, అది మార్చిలోగాని కుదరదు. ముఖ్య అతిథి సంతాప ప్రసంగం బట్టీ పట్టేశారు. సభ రద్దు చేయమంటారా? లేక ఆఖరి వరుసలో కూర్చుని చూస్తారా?

ఎటూ తోచని,
బాపయ్య

తా.క. నన్ను క్షమించండి. ఒక్కసారి వచ్చి మీ తలుపు తట్టి ఉంటే సరిపోయేది. ఫైలు మీద నమ్మకం ఎక్కువైంది.

రాయచూరు,
2-11-2025

బాపయ్య గారికి,

రద్దు చేయకండి. మీ ఆహ్వానం ఎవరో తెచ్చి చూపించారు. పెద్ద అక్షరాల్లో నా పేరు ఒక్కటే ఉండటం నా జన్మలో ఇదే మొదలు. దాని ముందు కీర్తిశేషురాలు ఉంటే ఉండనీయండి. ముఖ్య అతిథిని మాట్లాడనీయండి, ఆ పొగడ్తలు నేనూ వింటాను. మౌనం పాటించండి. ఆ తర్వాత వేదిక నాది. ఎవరూ ఈల వేయకూడదు. పెళ్లి విందు కథ చివరిదాకా చెప్పాలని ఉంది.

పదమూడేళ్లుగా నన్ను ఎవరూ పిలవలేదు. చచ్చిపోయాననుకుని పిలిచినా, మీరు పిలిచారు. ఉత్తరం చదివిన రోజు కోపం రాలేదు బాపయ్య గారూ, కళ్లనీళ్లు వచ్చాయి.

వస్తున్న,
గంగాభవాని

తా.క. రెండు నిమిషాల మౌనం నావల్ల కాదు. ఒకటి చేయండి.

థర్మల్ కాలనీ,
18-11-2025

గంగాభవాని గారికి,

మౌనం మొదలైన నలభయ్యో సెకనులో ఆఖరి వరుసనుంచి మీరు, "ఇంకెంతసేపయ్యా, కాళ్లు గుంజుతున్నయి" అనడం మినిట్స్‌లో రాశాను. ముఖ్య అతిథి ఇంకా మిగిలిన ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత గంటన్నర ఏమైందో రాయడం నా చేతకావడం లేదు. వద్దు వద్దని నక్కో నక్కో అంటూనే విస్తరి ముందుకు జరిపే ఆ మామను చూసి, పదిహేడేళ్లుగా ఏ సభలోనూ నవ్వని నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఎవరూ ఈల వేయలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అయితే ఆ నవ్వుల్లో, చప్పట్లలో మీ చివరి మాట ఎవరికీ సరిగా వినబడలేదు. కమిటీలో ఏడుగురం ఏడు రకాలుగా చెబుతున్నాం. మినిట్స్‌లో ఎక్కించాలి. దయచేసి రాసి పంపండి.

మీ అభిమాని,
బాపయ్య

తా.క. వచ్చే నవంబరులో మీ ప్రథమ వర్ధంతి జరపాలని తీర్మానించాం. మీరు తప్పక రావాలి.

రాయచూరు,
24-11-2025

బాపయ్య గారికి,

వర్ధంతికి తప్పకుండా వస్తాను. ముందే తేదీ చెప్పండి. యరగేరవాళ్లు, జవళగేరవాళ్లు, ఇంకో మూడు ఊళ్లవాళ్లు వచ్చి పిలిచి వెళ్లారు. వాళ్లంతా బతికున్నదాన్నే పిలిచారు. సాయంత్రమంతా వేదిక మీద నేనొక్కదాన్నేనట.

చివరి మాట అడిగారు. మీకు అబద్ధం రాయలేను. నలభై ఏళ్లు ఈల వేసి నా కథ తుంచేశారని కంపెనీవాళ్లందరినీ తిట్టుకున్నాను. ఆదివారం వేదిక మీద మామ చేయి కడుక్కోవడానికి లేచిన చోటికి వచ్చాక తెలిసింది, ఆ కథకు చివరే లేదు. ఎప్పుడూ అంతదూరం రాలేదు, అందుకని తయారు చేసుకోనూ లేదు. ఈల వేయమని కళ్లతో మిమ్మల్ని బతిమాలాను. మీరేమో మాట మీద నిలబడే మనిషి. ఏం చేయాలో తెలియక నోరు ఊరికే కదిలించాను. మీకు వినబడకపోవడం కాదు, నేను చెప్పనే లేదు.

కృతజ్ఞతలతో,
గంగాభవాని

తా.క. మీ ఏడుగురూ విన్న ఏడు మాటలూ రాసి పంపండి. బాగున్నది వర్ధంతికి చెబుతాను.