పిల్లి స్ప్రూస్

హార్లో మిల్స్, మెయిన్
డిసెంబరు, 1934

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు.

ఈ ఇంట క్రిస్మస్ చెట్టును కొత్త కోడలే ఎంచి కోయాలట. ఆదివారం అందరం మంచులో అడవికి వెళ్ళాం. గుబురుగా ఉన్నదొకటి చూసి రంపం పెట్టాను. ఎవరూ ఆపలేదు. ఇంట్లో వెచ్చబడగానే అది పిల్లి ఉచ్చ కంపు కొట్టింది.

“చేపల రేవు పిల్ల కదా, దానికిదే అత్తరు!” అన్నారు అత్తగారు.

అది పిల్లి స్ప్రూస్ అనే కంపు చెట్టని మా ఆయన ఓరిన్‌కు అడవిలోనే తెలుసట. నువ్వైనా చెప్పకూడదా అంటే, “ముందే చెబితే సరదా ఏముందే?” అని అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆడబిడ్డ వెళ్ళి వేరే చెట్టు తెచ్చింది. నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు.

నాన్న దగ్గు తగ్గిందా? పండక్కి తమ్ముణ్ణి బండి తీసుకుని రమ్మను. నన్ను మళ్ళీ ఇక్కడ దిగబెట్టే పని ఉండదని కూడా చెప్పు. చెల్లాయికి ముద్దులు.

నీ డీలియా