లవంగ సారం పోసిన మాంసం

మీ తమ్ముడు చిట్కాలరాయుడి నిర్వాకం పెరట్లో ఉంది, ముక్కు మూసుకుని వెళ్లు. వండిన మాంసాన్ని ఎప్పటిలా పళ్లేల్లో పల్చగా పరిచి ఐసు మీద పెట్టమన్నాను. వాడు లవంగ సారం రెండింతలు పోసి, గుండిగలోనే మూతపెట్టి పడుకున్నాడు. పొద్దున గరిటె పెడితే జిగురు తీగలుగా సాగింది. పళ్ల డాక్టరు గదిలో ఎలుక చచ్చినట్టు కంపు.

"సారం పోశాం కదా బావా, క్రిములు చచ్చే ఉంటాయి. ఇంకో ఉడుకు రానిచ్చి పంపేద్దాం" అంటాడు, సిగ్గులేకుండా. ఆ సారం చల్లటి మాంసంలో క్రిముల్ని కాస్త అణిచి ఉంచుతుంది, అంతే. రాత్రంతా గోరువెచ్చగా ఉంచితే అదేం చేస్తుంది? తినేది ఆస్పత్రి క్యాంటీన్‌లో రోగులు.

గుండిగ వాడి చేతే కడిగించు, మరిగే నీళ్లతో. బల్ల, గరిటెలు కూడా. పిల్లిని దగ్గరికి రానివ్వకు. నువ్వు మాత్రం రుచి చూడకు. పాడైందో లేదో నాలుక మీద వేసుకుని చూసే పాడలవాటు నీకుంది. పోయినసారి అలాగే మంచం పట్టావు, నాకు ముద్ద దిగలేదు.

ఇవాళ మాంసం లేదని చెప్పడానికి క్యాంటీన్‌కి వెళ్తున్నాను. ఇక మీ సరుకే వద్దంటారేమో, అననీ.

చెప్పడం మరిచాను. వాడు బతిమాలితే నువ్వు కరిగిపోతావని తెలుసు. అందుకే ఆ మాంసమంతటి మీదా ఫినాయిలు పోసేశాను. ముప్పై ఆరు కిలోలు.