మూడు గోవిందలంత వేడి

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
4-7-1987

చిరంజీవి రామనాథానికి నీ బావ గోపాలం దీవించి రాయునది.

రేడియో తప్ప ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారు మీ అక్క లలితాంబకిచ్చిన రేడియో గరగరమంటోందని నేనే విప్పాను. లోపల ఒక తీగ ఊడి ఉంది. రైలు లాంతర్లకు మాటు వేసే తవిటయ్య దగ్గర సోల్డరింగ్ ఐరన్ అడిగాను. "ఇది సిన్న పనికి కాదు బాబూ" అంటూనే ఇచ్చాడు. తీగ బ్రహ్మాండంగా అంటుకుంది. పక్కనున్న ట్రాన్సిస్టర్ మాత్రం మాడింది. రేడియో పలికేదాకా తానూ నాతో పలకనని మీ అక్క ఒట్టు పెట్టుకుంది. విజయనగరంలో రేడియో షాపు నడిపేవాడివి, నువ్వే దారి చూపాలి.

దిక్కుతోచని బావ

తా.క. మీ అక్కను పక్కింటి జోగమ్మ ద్వారా ఉప్పు అడిగించుకున్నాను. "నానేటి బాబూ, మీ ఇద్దరి మద్దెన తంతి జవాన్నా?" అంది.

విజయనగరం,
11-7-1987

పూజ్యులు బావగారికి రామనాథం నమస్కారాలు.

ఆ ఐరన్‌తో ట్రాన్సిస్టర్ అంటించడమంటే గునపంతో ముక్కుపుడక బిగించడమే. గోల్ బజార్లో చిన్నది కొనండి. అగ్గిపెట్టెలో రెండు ట్రాన్సిస్టర్లు పంపుతున్నాను. ఐరన్ మూడు సెకన్లకు మించి ఆనకూడదు. మూడుసార్లు 'గోవిందా' అనుకుని తీసేయండి.

మీ రామనాథం

తా.క. చిన్నప్పుడు అక్క మౌనవ్రతం అరగంట దాటేది కాదు. మీరు అదృష్టవంతులు.

ఖరగ్‌పూర్,
25-7-1987

చిరంజీవి రామనాథానికి,

నువ్వన్న చిన్న ఐరన్ కొన్నాను. పేకాట మానుకుని, ఆఫీసవగానే ఇంటికొచ్చి ఈ రేడియోతోనే కూర్చుంటున్నాను. మొదటి గోవిందకు సీసం కరిగింది, రెండోదానికి పొగ వచ్చింది, మూడోదానికి ట్రాన్సిస్టరే పోయింది. ఇక్కడి పూరీ గేట్ భజనలో పదేళ్ళుగా ముందుపాట నాది. వెనక అందుకునేవాళ్ళ కోసం ఆగడం అలవాటైపోయింది. రెండో ట్రాన్సిస్టర్ అంటించేటప్పుడు భయపడి గోవిందే అనలేదు. సీసం అంటక, ఊపగానే ఊడిపడింది. మళ్ళీ అంటించబోయి దాన్నీ మాడ్చాను.

నీ బావ

తా.క. మీ అక్క గుమ్మంలో నిలబడి చూసింది. నవ్విందో, పొగకు దగ్గిందో తెలియలేదు.

విజయనగరం,
1-8-1987

బావగారికి నమస్కారాలు.

రాగం తీయకండి. ట్రాన్సిస్టర్ కాలును పట్టకారుతో పట్టుకుంటే వేడి లోపలికి పోకుండా పట్టకారే లాగేసుకుంటుంది. ఇంకో రెండు పంపుతున్నాను.

మీ రామనాథం

తా.క. వీటికి జోగమ్మగారి చేత గోవింద అనిపించండి.

ఖరగ్‌పూర్,
23-8-1987, ఆదివారం

చిరంజీవి రామనాథానికి,

పట్టకారు పట్టాను, గోవింద ముక్తసరిగా అన్నాను. అతుకు ముత్యంలా వచ్చింది. అయినా రేడియో పలకలేదు. ఇక నా వల్ల కాదు. రేపటి నుంచి మళ్ళీ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పేకాటకే పోతాను.

ఓడిన బావ

(అదే కవరులో)

చిరంజీవి తమ్ముడికి అక్క లలితాంబ ఆశీస్సులు.

మీ బావ పోస్టు చేయమన్న ఉత్తరం జోగమ్మ నాకు తెచ్చిచ్చింది. నీ రెండో అగ్గిపెట్టె ముందు విప్పింది నేనే. కవరుకు ఆవిరి పట్టిస్తే సులువుగా వస్తుంది. ఆయన ఆఫీసులో ఉండగా ఒక ట్రాన్సిస్టర్ నేనే అంటించి, దాని చోట మాడినదొకటి పెట్టాను. పోపులో ఆవాలు మాడకముందే దించేదాన్ని, మూడు సెకన్లంటే ఎంతో నాకు తెలియదా? రెండు వారాలుగా, ఆయన ఇంట్లో లేనప్పుడు, నా రేడియో బియ్యం డబ్బా వెనక శుభ్రంగా పాడుతోంది. ఆయన బల్ల మీద ఉన్నది జోగమ్మ వాళ్ళ చచ్చిన రేడియోలోని బోర్డు.

ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది. పదకొండేళ్ళ కాపురంలో తొమ్మిదికి ముందు ఇల్లు చేరడం ఇదే మొదలు. ఇప్పుడు ఐదున్నరకే వచ్చి నా ఎదురుగా కూర్చుంటున్నారు. మాటల్లేకపోయినా నాకు హాయిగా ఉంది. ఆయన మళ్ళీ పేకాటకు పోతే నేను భరించలేను. ఇంకేదో చిన్న తప్పు మిగిలిందని ఆయనకు రాయి.

నీ అక్క

తా.క. కవరు అంటించేలోగా ఆయన ఆఖరిసారి చూద్దామని ఐరన్ పట్టి వేలు కాల్చుకున్నారు. వెన్న రాస్తూ, ఒట్టు మరచి, "మండుతోందా?" అని అడిగేశాను. ఆయన గభాలున బోర్డు తీసి చెవి దగ్గర పెట్టుకుని, "పలికింది. రేపు పెందలాడే వచ్చేస్తాను" అన్నారు.