వేలిముద్రల పందెం

మాచర్ల,
11-3-1986

అమ్మకు ఇందిర నమస్కారాలు. ఇక్కడ ఇంట్లో అందరం కులాసా. భిలాయిలో నువ్వూ, తమ్ముడూ, మరదలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

మిరపకాయలు కొట్టించి పంపమన్నావు. గురజాల నుంచి తెప్పించి ఎండబెట్టాను. ఈ ఎండలకి రెండు రోజుల్లోనే గలగలలాడుతున్నాయి. నీ అల్లుడి మోకాలినొప్పి తగ్గింది. మళ్లీ సైకిలు మీదే బడికి వెళ్లి పాఠాలు చెప్పి వస్తున్నారు.

నా పోటీ ఎట్లా జరిగిందని కూడా అడిగావు. ఈ జవాబు మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

సిమెంటు ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరుగా చేరాక నేను సొంతంగా తలపెట్టిన మొదటి పని అది. పనివాళ్లకి ఒంటి మీద శ్రద్ధ కలగాలని క్వారీ నుంచి కాలనీ దాకా మూడు మైళ్ల పరుగు పెట్టాను. నోటీసు అంటించి, షెడ్డు షెడ్డూ తిరిగి బతిమాలితే వారం రోజుల్లో పన్నెండు పేర్లు వచ్చాయి. మేనేజరు నవ్వాడు. ఆ తర్వాత రెండు రోజుల్లోనే పేర్ల పుస్తకంలో నూట నలభై వేలిముద్రలు పడ్డాయి. అప్పుడు నీకు గొప్పగా రాశాను.

ఆదెయ్య అని, రాళ్లు పిండిచేసే క్రషర్ దగ్గర కాంట్రాక్టు కూలీ. పద్నాలుగేళ్లు ఆ దుమ్ములోనే. దగ్గుకుంటూ వచ్చాడు ముద్ర వెయ్యడానికి.

"ఒరేయ్ ఆదిగా, బువ్వకాడికే ఉరకలేవు, నీకు పందెం ఏందిరా?" అన్నాడు వరసలో వెనకున్న కొండలు అనే కూలీ.

"నీ నోట్లో దుమ్ముబడ! నువ్వు ముందు ఉరుకు, నేను ఎనకమాల వచ్చి దాటతా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పందెం రోజు రెండో మైలు దాటాక ఆదెయ్య కూలబడ్డాడు. జీపులో ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

"తన ఇష్టంతోనే వేలిముద్ర వేశాడని విచారణలో చెప్పండి మేడమ్, చాలు," అంటున్నాడు మేనేజరు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అమ్మా, ముద్ర వేసేముందు ఆదెయ్య గొంతు తగ్గించి నన్నొకటి అడిగాడు.

"అమ్మగారూ, పరుగు పూర్తిచేసినోళ్లని పర్మినెంటు చేస్తారంట గదా?"

అలాంటిదేమీ లేదు. ఎవరు పుట్టించారో, కూలీలందరిలో ఆ మాట పాకింది. నూట నలభై ముద్రలూ అందుకే పడ్డాయి. అది నాకు తెలుసు. లేదని ఒక్క మాట అనాల్సింది. "ముందు వేలు ఆనించు ఆదెయ్యా, తర్వాత చూద్దాం," అన్నాను. ఏ ఆశతో పరిగెత్తినా ఒంటికి మంచిదే కదా అనుకున్నాను. ఎమ్మే దాకా చదివి నేర్చుకున్నది ఇదేనేమో, నాకు నేను సర్దిచెప్పుకోవడం.

నిన్న ఆదెయ్య భార్య రత్తమ్మ ఆఫీసుకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. కొంగు నడుముకి బిగించుకుని నిలబడింది.

"రెండు మైళ్లు ఆయన ఉరికాడు గదమ్మా. మిగిలింది నేను ఉరుకుతా. ఆ పర్మినెంటు మా పెద్దోడికి రాయించు."

అలాంటిదేమీ లేదని అప్పుడు చెప్పాను. ఆమె బిగించిన కొంగు విప్పేసింది.

"మరి ఈ మాట ఆయనకెందుకు చెప్పలా?"

రేపే విచారణ. నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు. నా భయం అది కాదు. ఆ గదిలో మేనేజరు పక్కన కూర్చున్నాక మళ్లీ ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటానేమోనని. అందుకే లోపలికి వెళ్లేముందే ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తాను. ఆ తర్వాత అక్కడ నేనేం చెప్పినా, నీకు మాత్రం నిజం తెలిసే ఉంటుంది.

ఇట్లు,
నీ పెద్దకూతురు
ఇందిర