అక్క పళ్ళు

12 నవంబరు 1996, లక్ష్మీ నగర్

రాయవే మనవరాలా, చెప్పింది చెప్పినట్టు రాయి. నా పై ముందుపళ్ళు రాలిపోలేదు, అసలు మొలవనే లేదు. ఇక్కడి హిందీ పళ్ళ డాక్టరుకి ఆ ముక్క బుర్రకెక్కలేదు.

"మాతాజీ, వయసులో తీయించుకున్న ఫోటో తెండి, అచ్చం అప్పటి పళ్ళే కట్టిస్తా" అన్నాడు పోయినసారి.

"లేని పళ్ళకి ఫోటో ఎక్కడిదయ్యా? మా అక్క పళ్ళలా కట్టు. ముందు రెండింటికీ మధ్య సందుండాలి" అన్నాను.

"సందు బాగోదు అమ్మమ్మా" అని నువ్వూ ఆయనకే వంత పాడావు. అదీ రాయి.

చిన్నప్పుడు నేను జామకాయ కొరకలేనని అక్క దానిమీద పరికిణీ అంచు కప్పి, కాకి ఎంగిలి చేసి ముక్క నా నోట్లో పెట్టేది. అక్క పోయాక ఎవరు కోసిచ్చినా ఆ రుచి రాలేదు.

ఇవాళ డాక్టరు మైనంలో గుచ్చిన నమూనా పళ్ళు నోట్లో పెట్టి చూశాడు. సందు ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాను. అద్దంలో అక్క నవ్వింది.

"ఠీక్ హై, మాతాజీ?" అన్నాడు. అద్దం దించకుండానే తలూపాను.

అసలు పళ్ళు వచ్చిన రోజు ఒక జామకాయ కొనవే. చీర చెంగు కప్పి నేనే కొరుకుతాను. మొదటి ముక్క అద్దంలోని అక్క నోట్లో పెట్టాలని ఉంది.